మురళి పిస్టల్‌కి నేను చేసిన సింగారం

గోరంత స్ప్రింగ్ ఒకటి ఏళ్ల తరబడి నా గుండె మీద కూర్చుని ఉంది. మీరు నన్ను ఎరగరు. అందుకే చెప్పగలుగుతున్నాను. ఎరిగినవాళ్లు నా మాట నమ్మరు. ఇక్కడ అమెరికాలో, టెక్సస్‌లోని ప్లేనోలో మనవాళ్ల పార్టీ ఏదైనా సరే, పెరట్లో కుర్చీలు వేయగానే కథ చెప్పమని నన్ను మధ్యలో కూర్చోబెడతారు. గ్యాస్ స్టేషన్‌లో నా పిస్టల్ చూసి దొంగ పారిపోయిన కథ నాదే. ఆ దొంగ నిజానికి దారి అడగడానికి వచ్చిన ముసలాయన. నా నడుముకి పిస్టల్ ఉన్నమాట మాత్రం నిజం.

సిటిజన్‌షిప్ వచ్చాక నేనూ, నా స్నేహితుడు మురళీ ఒకే రకం పిస్టళ్లు కొనుక్కున్నాం. రోజూ పెట్టుకు తిరిగేది అందరివాటిలా నల్లగా ఉండటం నాకు నచ్చలేదు. చెక్క పిడి వేయించి, దాని మీద నెమలిని చెక్కించాను. పైభాగానికి రాగి రంగు. ట్రిగ్గర్ మెత్తగా కదలాలని లోపల స్ప్రింగ్ కూడా మార్చాను. ఆ నెమలి మీద మురళి మనసు పడ్డాడు. దసరాకి ఆయుధపూజ మా ఇంట్లోనే కనక, తన పిస్టల్ తెచ్చి నా చేతిలో పెట్టాడు.

“పిడి ఒక్కటే మార్చు బావా. లోపల కెలక్కు,” అన్నాడు.

“పెళ్లికొడుకుని చేసి పంపిస్తాలేరా,” అన్నాను.

కెలికాను. ఎందుకు? వారాంతంలో ఇద్దరం షూటింగ్ రేంజ్‌కి వెళ్తాం, అక్కడ కాల్చి వాడు నోరెళ్లబెడతాడు, అప్పుడు చెప్పి నవ్వుదాం అనుకున్నాను. అంతే. మరో కథ దొరుకుతుందన్న ఆశ. పూజలో రెండు పిస్టళ్లకీ పక్కపక్కనే కుంకుమ పెట్టాను. దండం పెట్టుకుని వాడు తనది తీసుకెళ్లాడు.

రేంజ్‌కి వెళ్లే రోజు రానేలేదు. మురళి ఆఫీస్‌కి బయలుదేరుతూ, గరాజ్‌లో పిస్టల్‌ని నడుము దగ్గర ఒరలో దోపుకుంటుంటే అది పేలింది. తూటా తొడలోంచి దూసుకుపోయింది.

ఆసుపత్రిలో వాడి భార్య సుధ గోడవైపు తిరిగి నిలబడి ఉంది.

“నా వేలే బావా. ట్రిగ్గర్‌కి తగిలినట్టుంది. తొందరపడ్డాను,” అన్నాడు మురళి మంచం మీంచి.

“ఎప్పుడూ ఇంతే అన్నయ్యా ఈయన. ఒళ్లు దగ్గర పెట్టుకోరు,” అంది సుధ.

వేలు తగిలే ఉంటుంది. పాత స్ప్రింగ్ ఉంటే ఆ మాత్రానికి పేలేదా? ఏమో. ఈ ‘ఏమో’ చాటునే ఇన్నాళ్లు దాక్కున్నాను. అప్పుడు మాత్రం, “పోన్లేరా, పెద్ద పెద్ద పోలీసులకే జరుగుతుంది,” అని ఒక పోలీసు కథ అప్పటికప్పుడు అల్లాను. వాడు నవ్వాడు. నవ్వితే తొడ నొప్పి పుట్టి ఆగిపోయాడు.

“దాన్ని చూడలేను, నువ్వే అమ్మెయ్యి బావా,” అన్నాడు తర్వాత. అమ్మేముందు, ఎవరికీ తెలియకుండా కొత్తది తీసి పాత స్ప్రింగ్ తిరిగి పెట్టేశాను. అన్నిటికన్నా సిగ్గుపడేది ఇక్కడే. మొదటిది సరదా. ఇది తెలిసి చేసింది.

మురళి కొంచెం కుంటుతాడు. దానికి అలవాటు పడ్డాడు. కానీ ఒకప్పుడు మా అందరి పిల్లల్నీ వ్యాన్‌లో ఎక్కించుకుని కొలరాడో దాకా ఒక్కడే డ్రైవ్ చేసిన మనిషి, ఇప్పుడు గుడికి వెళ్లాలన్నా తాళాలు సుధకి ఇచ్చేస్తాడు. “నా చేతుల మీద నాకు నమ్మకం లేదు,” అంటాడు. ఆ నమ్మకం నా దగ్గర ఉంది. తిరిగి ఇవ్వలేదు.

పైగా ప్రతి పార్టీలో, తన తొడకే గురిపెట్టిన వీరుడి కథ చెప్పి అందర్నీ నవ్విస్తాను. మొన్న దసరాకి కూడా వాడే అడిగాడు. “కానివ్వు బావా, నువ్వు చెబితేనే బాగుంటుంది.” చెప్పాను. ఈసారి ఇంకాస్త రంగు పూశాను.

వాడి ముందు నోరు పెగలడం లేదు. రేపు పెగులుతుందో లేదో తెలియదు, మాట ఇవ్వను. ముందు మీ దగ్గరైనా, ఏ నెమలీ చెక్కకుండా ఒక్క వాక్యం చెప్పనివ్వండి. వాడు వద్దన్న స్ప్రింగ్ నేనే మార్చాను, మళ్లీ నేనే తీసేశాను.