దొంగవాన

“టీచరమ్మా, మా అవ్వ పోయింది” అని పక్కింటి అవ్వ కొడుకు ఫోన్ చేసినప్పుడు నేను వేసవి సెలవులకు జనగామలో, పుట్టింట్లో ఉన్నాను. బయట మే నెల వాన కురుస్తోంది. ఎండ చల్లబడిందని ఇంట్లో అందరికీ సంతోషం. నాకు మాత్రం ఏడుపు ఆగలేదు.

నేను పనిచేసే కాటారంలో నా అద్దె ఇంటి పక్కిల్లు అవ్వది. అడవి మందులు తెలిసిన మనిషి. నేను బడిలో జీవశాస్త్రం చెబుతాను గానీ, అడవిలో ఆమె ముందు నాది ఒకటో తరగతే. మొదటిసారి వెంట వెళ్లిన రోజు, తాటిమొలక అనుకుని ఒకదాన్ని తొక్కబోయాను.

“జర చూసి నడువు బిడ్డా! గది నేలతాడి” అని చెయ్యి పట్టి లాగింది.

మన్నును ఆనుకుని పసుపుపచ్చ పువ్వు పూసే చిన్న మొక్క అది. నీరసానికి అవ్వ దాని గడ్డే ఇచ్చేది. ముదిరిన గడ్డను మాత్రమే తవ్వి, మొలకెత్తే తలభాగాన్ని కోసి మళ్లీ అదే గుంటలో పూడ్చేది. “గడ్డ మనది, కన్ను మన్నుది” అనేది.

ఒకప్పుడు అడవిలో ఆ గుట్ట వాలంతా నేలతాడేనట. నేను చూసేనాటికి చాప పరిచినంత జాగాలో మిగిలింది. మృగశిర వానకు లేవాల్సిన మొక్క, ఇప్పుడు మే నెలలో పడే పెద్దవానకే లేస్తోంది. ఆ తర్వాత వారాల తరబడి చినుకుండదు. పువ్వు పూయకుండానే మాడిపోతుంది. నేను బోర్డు మీద ‘వాతావరణ మార్పు’ అని రాసేదానికి అవ్వ పెట్టిన పేరు ‘దొంగవాన’.

అందుకే గడ్డలు తవ్వడం మానేసింది. పైగా ఆ ఎండల్లో బిందె చంకనెత్తుకుని వెళ్లి మొక్కలకు నీళ్లు పోసేది. బస్టాండు దగ్గర చాయ్ కొట్టాయన ఊరుకునేవాడా?

“అడవికి ఎవరన్న నీళ్లు పోస్తరా అవ్వా?”

“అడవికి కాదు కొడుకా, దొంగవానను నమ్మి మోసపోయినోళ్లకు పోస్తున్న.”

మొన్న చలికాలం మంచం పట్టింది. ఒక్క గడ్డ తవ్వి తెస్తానని కొడుకు బతిమాలాడు. నేనూ అడిగాను. అవ్వకు కోపం వచ్చింది.

“నేను పొయ్యేదాన్ని. అది ఉండేది. గింత బుద్ధి లేదా మీకు?”

ఫోన్ వచ్చిన మర్నాడు నేను కాటారం చేరేసరికి అంత్యక్రియలు అయిపోయాయి. కొడుకు నన్ను పక్కకు పిలిచాడు.

“ఆఖరుకు వాన పడ్డదా అని అడిగింది టీచరమ్మా. పడ్డదే అన్న. ‘గది దొంగవాన, టీచరమ్మకు చెప్పు’ అన్నది. ఏందో నాకు సమజ్ కాలే.”

నాకు అర్థమైంది. సెలవులు ఇంకా ఉన్నా జనగామకు తిరిగి వెళ్లలేదు. వారం తిరక్కుండానే ఎండ మళ్లీ ముదిరింది. అవ్వ బిందె అడిగి తీసుకుని బయలుదేరాను. చాయ్ కొట్టాయన బిందెను చూశాడు. ఈసారి తాగే నీళ్లలోంచి ఒక చెంబెడు తెచ్చి అందులో పోశాడు.

చాప పరిచినంత జాగాలో సన్నటి మొలకలు లేచి ఉన్నాయి. వంగి బిందె వంచాను. నీళ్లు అయిపోయాక కూడా, ఎండుటాకుల కింద మన్ను తాగుతున్న చప్పుడు కాసేపు వినబడుతూనే ఉంది.