నేను చూపించిన పట్నం

మా ఆవిడ పట్నానికి కాపురానికి రాలేదు. పట్నాన్ని పరీక్ష చేయడానికి వచ్చింది. ఆ మాట పాలమూరు వైపున్న వాళ్ల ఊళ్లో, పెద్దమనుషులందరి ముందూ కుండబద్దలు కొట్టినట్టు చెప్పింది. "బేస్తారం పోత. బేస్తారం, శుక్కురారం ఊరు చూస్త. నచ్చితె ఉంట. నచ్చకపోతె శుక్కురారం మాపటి బండికే మామతోని మర్లి వస్త." మామ అంటే ఆమె మేనమామ, ఆమెను దిగబెట్టడానికి వచ్చే పెద్దమనిషి. కొత్త పెళ్లికూతురు అట్లా మాట్లాడితే ఎవరో ఒకరు కసరాలి కదా! ఒక్కరూ నోరెత్తలేదు. ఆమె కోపం సంగతి ఆ ఊళ్లో పశువులకు కూడా తెలుసు.

ఆమెకు అనుమానం పుట్టించింది నా నోరే అనుకోండి. పిల్లను చూడబోయినప్పుడు నేను కోసిన కోతలు అట్లాంటివి. అప్పట్లో నేను శాలిబండలో బగ్గీలు తయారుచేసే ఒక కార్ఖానాలో చక్రాలకు రంగు వేసేవాణ్ణి. నవాబుల బగ్గీలు మా దగ్గరికి వచ్చేమాట నిజమే. నవాబుల ముఖాలు మాత్రం నేనెన్నడూ చూసిన పాపాన పోలేదు, చూసినవన్నీ చక్రాలే. ఆ ముక్క మింగేసి, మిగతాదంతా నా ఇష్టం వచ్చినట్టు పెంచాను. పట్నంలో నేను తిరగని గల్లీ లేదన్నాను. చార్మినార్ కాడ నన్ను చూసి సలాం కొట్టనివాడు లేడన్నాను. ప్రతి శుక్రవారం మీరాలం చెరువు కట్టమీద కూర్చొని చల్లగాలి తాగుతానన్నాను. మా అత్త నోరు వెళ్లబెట్టి విన్నది. పిల్ల మాత్రం తలుపు చాటునుంచి, "గన్ని సలాములు తీసుకుంటుంటె పని ఎప్పుడు జేస్తడంట?" అన్నదట.

అసలు సంగతి ఏమిటంటే, ఉప్పుగూడలో నేను అద్దెకుండే ఒంటి అర్రనుంచి శాలిబండ కార్ఖానా దాకా ఉన్న తోవ తప్ప నాకు పట్నంలో ఇంకేమీ తెలియదు. చార్మినార్ రోజూ దూరంనుంచి కనపడేది. ఎట్లాగూ కనపడుతూనే ఉంది కదా అని దగ్గరికి పోలేదు. ఇప్పుడు ఆ మహాతల్లికి రెండు రోజుల్లో ఊరంతా చూపించి, ఒప్పించి, నిలుపుకోవాలి. నిజాం రాజ్యంలో వారపు సెలవు శుక్రవారం. ముందురోజు బేస్తవారం కూడా రావద్దని, కొత్త పెళ్లికొడుకువు కదా అని, మా కార్ఖానా సేఠు నవ్వుతూ సెలవిచ్చాడు.

బేస్తవారం పొద్దున్నే ఉప్పుగూడ స్టేషన్లో బండి దిగాం. మేనమామ స్టేషన్ దాటి అడుగు బయట పెట్టనన్నాడు. "పట్నంల కండ్లల్ల కారం గొట్టి మొలతాడు తెంపుకపోతరంట. నేను ఈడ్నే ఉంట. రేపు మాపటి బండి యాల్లకు రాండ్రి" అని ప్లాట్‌ఫారం చివర వేపచెట్టు కింద మూట దించి, మూడు రాళ్లు పెట్టి పొయ్యి రాజేశాడు. పోర్టరు వచ్చి అరిచాడు. మామ అంతకన్నా గట్టిగా అరిచాడు. పోర్టరే వెనక్కి తగ్గాడు. మా ఆవిడకు ఎవరి పోలిక వచ్చిందో అప్పుడు తెలిసింది నాకు.

అర్ర చూసి ఆమె అన్న మొదటి మాట, "గిది అర్రనా, అటుకనా?" అని.

"అర్రనేం జూస్తవు, ఊరు జూడు" అని, మూట గూట్లో పడేసి, వెంటనే బజారుకు బయలుదేరదీశాను.

ఇక్కడ మా రివాజు ఒకటి చెప్పాలి. మొగుడు ముందు నడవాలి, పెళ్లాం వెనక నడవాలి. పక్కపక్కన నడిస్తే సిగ్గులేదంటారు. మొగుడు నడిబజారులో వెనక్కి తిరిగి పెళ్లాంతో మాట్లాడాడా, ఇక వాడికి పుట్టుకతోనే సిగ్గులేదంటారు. అందుకని నేను మెడ తిప్పకుండా, ఎదురుగా ఉన్న గాలికి చెబుతున్నట్టు పట్నం కథ చెప్పుకుంటూ నడిచాను. వెనకనుంచి "ఊఁ" అని వినపడేది. ఆ "ఊఁ"లోనే కొంత వెటకారం ఉంది. అయినా నేను ఆగితేనా!

చార్మినార్ దగ్గర జనాన్ని చూసేసరికి నాకే గుండె జారింది. టాంగాలు, గాడిదలు, బుర్ఖాల ఆడవాళ్లు, నడుముకు బాకులు దోపుకున్న అరబ్బులు, అరుపులు, కొత్త మనిషికి కాలు పెట్టే సందు లేదు. భయం కనపడితే పరీక్ష పోయినట్టేనని గొంతు పెంచాను.

"గీ నాలుగు మినారులు జూసినవా? నలుగురు అన్నదమ్ములు గట్టిచ్చిండ్రు. పాలు పంచుకునే కాడ లొల్లి అయితె, తలా ఒక మినారు తీసుకున్నరు. పైన గడియారం ఉన్నది సూడు, దానికి తాడు ఉన్నది. కొత్వాలు సాబు ఇంట్ల గూసొని గా తాడు గుంజుతడు, గిది గంటలు గొడతది."

వెనకనుంచి "హాఁ" అని వినపడింది.

ఇందాకటిదాకా "ఊఁ" అన్న మనిషి ఇప్పుడు "హాఁ" అంటోంది! అబ్బో, ఒక్క పూటకే ఉర్దూ పట్టుబడిందే, ఇక ఈమె ఎక్కడికీ పోదు అని పొంగిపోయాను. ఆ పొంగులో ఇంకా చాలా చెప్పాను. మినారు మీదనుంచి చూస్తే పాలమూరు కనపడుతుందని కూడా చెప్పినట్టు గుర్తు. ప్రతిదానికీ "హాఁ, హాఁ" అంటూనే ఉంది. చివరికి, "గిట్లాంటిది జన్మల ఎన్నడన్న ఇన్నవా?" అని అడిగాను.

"లేదు బేటా" అని మగగొంతు పలికింది.

రివాజు సంగతి మరిచి గిర్రున తిరిగాను. గోరింటాకు గడ్డం ముసలాయన, చేతిలో తమలపాకుల పొట్లం పట్టుకొని, నా కథను ఎంతో శ్రద్ధగా వింటున్నాడు. "నేను గీ గల్లీలనే పుట్టిన, గీడ్నే ముసలోన్నయిన. గా తాడు సంగతి నాకు ఎవ్వడు చెప్పలె. ఇంక చెప్పు, మస్తుగున్నది" అన్నాడు. వెక్కిరిస్తున్నాడేమో అని ముఖంలోకి చూశాను. లేదు, పాపం, నిజంగానే అడుగుతున్నాడు.

మా ఆవిడ కనుచూపుమేరలో లేదు.

నా పై ప్రాణాలు పైనే పోయాయి. పట్నం తీసుకొచ్చి పూట తిరగకముందే పెళ్లాన్ని పోగొట్టుకున్నవాడని ఊరూవాడా చెప్పుకుంటారు. మామ పొయ్యిలో కట్టె తీసుకొని నన్ను తరుముతాడు. వచ్చిన తోవంతా వెనక్కి పరుగెత్తాను. ఒక గల్లీలో ఆడవాళ్ల లొల్లి వినపడి ఎందుకో ప్రాణం అటు లాగింది. తొంగిచూస్తే నల్లా దగ్గర బిందెల వరస, ఆ వరస మధ్యలో, నడుముకు కొంగు చుట్టుకొని, మా ఆవిడ! ఎవరో గట్టి మనిషి తన బిందెను ఒక ముసలమ్మ బిందెకు ముందు పెట్టిందట. మా ఆవిడ దాన్ని ఎత్తి వెనక్కి పెట్టింది. ఆమె ఉర్దూలో తిడుతోంది, ఈమె తెలుగులో తిడుతోంది. ఒకరి భాష ఒకరికి రాదు, అయినా ఇద్దరిలో ఎవరికీ ఏ మాటా అర్థం కాకుండా పోలేదు.

నన్ను చూడగానే, "యాడ తప్పిపోయినవు? నేను ఈడ్నే ఉన్న గద!" అని నన్నే దబాయించింది. తరువాత నల్లా వైపు చెయ్యి చూపి, "గోడలకెళ్లి నీళ్లు వస్తున్నయి. యాడికెళ్లి వస్తయి?" అని అడిగింది.

"సర్కారు పంపుతది" అన్నాను, తడుముకోకుండా.

"సర్కారుకు యాడికెళ్లి వస్తయి?"

 వరసలో ఉన్న పాలమ్ముకునే ఆమె ఒకతె తెలుగులో, "మీరాలం చెరువుకెళ్లి వస్తయమ్మా" అని చెప్పింది.

మా ఆవిడ నావైపు తిరిగింది. "నువ్వు గూసొని గాలి తాగేది గా కట్టమీదనే గద! రేపు నన్ను తోల్కపో. తాగే నీళ్లు యాడివో కండ్లార చూడకుంట నేను గీ ఊర్ల ఉండ."

చార్మినార్ సంగతి ఆ రోజు మళ్లీ ఎత్తలేదు. ఆమెకు చార్మినార్ అక్కర్లేదు. నా బతుకంతా ఇప్పుడు నేను కలలో కూడా చూడని చెరువుమీద పడింది.

శుక్రవారం తెల్లవారగానే జొన్నరొట్టెలు కట్టుకొని బయలుదేరాం. ఎవరినైనా తోవ అడిగితే సరిపోయేది. కానీ ప్రతి వారం పోయేవాడు తోవ ఎట్లా అడుగుతాడు! ఫలక్‌నుమా గుట్టమీద మహలు కనపడుతోంది. గుట్ట ఎత్తుగా ఉంది కాబట్టి దాని వెనక పల్లం ఉంటుంది, పల్లంలో నీళ్లుంటాయి అని లెక్క కట్టుకొని గుట్ట పక్కనుంచి నడిపించాను. చూస్తుండగానే తోవ సన్నబడింది, తరువాత అసలు లేకుండా పోయింది. మిగిలినవి బండలు, ముళ్లపొదలు, పొదపొదకూ సీతాఫలాలు.

ఆ బండల్లోకి వచ్చాక మా ఆవిడ వేరే మనిషి అయిపోయింది. చీర ఎగగట్టి బండలెక్కుతోంది, కండ్లు తెరిచిన కాయలు ఏరి ఒళ్లో వేసుకుంటోంది, పొదల్లోంచి కౌజుపిట్టలు బుర్రున లేస్తే నవ్వుతోంది. పెళ్లిలో కూడా ఆమె నవ్వగా నేను చూడలేదు. చూస్తూ నడిచానేమో, నా చెప్పు తెగింది, వెంటనే కాల్లో ముల్లు దిగింది. కుంటుతూ బండమీద కూలబడ్డాను. ఆమె వచ్చి నా పాదం ఒళ్లో పెట్టుకొని, పిన్నీసుతో ముల్లు తీసింది.

"శుక్కురారం శుక్కురారం గిన్ని ముండ్లు దొక్కుకుంట వస్తవా గాలి తాగతందుకు?" అని అడిగింది.

"గిది అడ్డతోవ" అన్నాను. ఇంకేం చెప్పను, నా మొహం!

ఎండ నడినెత్తికి వచ్చేసరికి, మా అదృష్టం కొద్దీ, చెరువు కనపడింది. వానలు కురిసి వెళ్లిన రోజులు. నీళ్లు నిండుగా ఉన్నాయి. మేము చేరింది వెనకవైపు ఒడ్డుకు. బురద, బర్రెలు, బట్టలుతికే చాకలివాళ్లు, వాళ్ల గాడిదలు. మా ఆవిడ కొంగుతో చెమట తుడుచుకొని చాలాసేపు నీళ్లను చూసింది. నాకు ధైర్యం వచ్చింది.

"ఇంతకు నువ్వు గూసునే కట్ట యాడున్నది?" అంది.

అల్లంత దూరంలో కొంచెం ఎత్తుగా ఉన్న ఒడ్డు చూపించాను. బట్టలుతుకుతున్న ఒక ముసలామె నడుము ఎత్తి పకపకా నవ్వింది. "గది కట్టనా అయ్యా? గది మా గాడిదలు మేసే గడ్డ! కట్ట ఆవలి ఒడ్డుకున్నది. కమానులు కమానులు ఉంటది, గుడ్డోడు గూడ గుర్తుపడతడు."

మా ఆవిడ నవ్వలేదు. తిట్టలేదు. నా ముఖంలోకి ఊరికే చూసింది. తిడితే పడేవాణ్ణి. ఆ చూపు భరించలేకపోయాను, కడుపులో ఉన్నదంతా ఒక్కసారి బయటికి వచ్చింది.

"ఎరుకలేదు!" అని అరిచాను. గాడిదలు కూడా తలెత్తి చూశాయి. "గీ చెరువు ఎరుకలేదు, గా చార్మినార్ ఎరుకలేదు. పట్నంల నాకు సలాం కొట్టేటోడు ఒక్కడు లేడు. కార్ఖానకు పోత, అర్రకు వస్త, అంతే. శుక్కురారం వస్తె గోడ దిక్కు మొకం పెట్టి పండుకుంట. ఒక్కన్ని యాడికి పోవాలె? పోయి ఏం జూడాలె? చూసొచ్చి ఎవ్వరికి చెప్పుకోవాలె? లగ్గమైనంక నీతోని చూద్దామనుకున్న. ఇగ నీ ఇష్టం. పోతె పో!"

చివరి మాట అనకుండా ఉండాల్సింది. నోరు జారిపోయింది, కోపం అట్లాంటిది. ఆమె నీళ్లలోకి దిగి, బురద దాటి, తేటగా ఉన్నచోట దోసిలితో తీసుకొని తాగింది. "నీళ్లు మంచిగనే ఉన్నయి" అంది, నాతో కాదు, చాకలి ముసలామెతో. తరువాత ఆమెనే ఉప్పుగూడకు తోవ అడిగింది. ముసలామె చేతులు తిప్పుతూ చెప్పింది. మా ఆవిడ సీతాఫలాలు కొంగున కట్టుకొని బయలుదేరింది.

ఈసారి ఆమె ముందు, నేను వెనక. తెగిన చెప్పు చేతిలో పట్టుకొని కుంటుకుంటూ పోతుంటే బజారులో జనం మమ్మల్ని చూసి మూతులు తిప్పారు. తిప్పుకోనీ, నాకు సిగ్గుపడే ఓపిక కూడా లేదు. తోవ పొడుగునా ఆమె వీపు చూసి మనసులో ఏముందో కనిపెట్టాలని చూశాను. వీపులో ఏం కనపడుతుంది!

ఉప్పుగూడ చేరేసరికి పొద్దు వాలింది. మా గల్లీ మలుపు వచ్చింది. ఆమె అటు మళ్లలేదు. నేరుగా స్టేషన్ వైపు నడిచింది.

 ఊళ్లో నవ్వుతారనే ఫికర్ అప్పుడు లేదు, నవ్వితే నవ్వనీ. ఆమె లేకుండా ఆ రాత్రి ఆ అర్ర తలుపు ఎట్లా తీయాలా అన్నదే నా దుఃఖం. రెండు రోజుల మనిషి కోసం ఇంతగా కుమిలిపోవడమేమిటని నామీద నాకే చిరాకేసింది. అయినా ఆమె వెనకనే కుంటుకుంటూ నడిచాను.

ప్లాట్‌ఫారం మీద మామ మూట కట్టుకొని, రుమాలు చుట్టుకొని సిద్ధంగా నిలబడ్డాడు. ఇద్దరినీ ఎగాదిగా చూశాడు. "ఏం బిడ్డా, నచ్చిందా పట్నం?"

"ఇంక నేను చూడనేలేదు మామా" అని ఆమె కొంగులోని సీతాఫలాలన్నీ ఆయన తువ్వాలులో పోసింది. "నువ్వు పో. గీయనకు ఊరు ఎరుకలేదు. ఒక్కన్ని ఇడిచిపెడితె యాడనో తప్పిపోతడు. నేను ఉండాలె."

మామ నావైపు తిరిగాడు. నా కోతలన్నీ విన్న చెవులు ఆయనవి. "ఏందల్లుడా, నిజంగనే ఎరుకలేదా?"

అప్పుడే బండి కూత వేసుకుంటూ వచ్చింది. ఆ కూతకు పైన వినపడాలని గొంతు చించుకొని చెప్పాను.

"ఏం ఎరుకలేదు మామా! ఒక్క గల్లీ ఎరుకలేదు!"