డప్పు ఆగిన చోట

మొదటి పెన్ డ్రైవ్‌ను వాపసు తెచ్చినవాడు ఒక ట్రాక్టర్ డ్రైవర్. మేడ్చల్ బస్టాండ్ ఎదుట, పండ్ల బండ్ల పక్కన, గంప బోర్లించి దాని మీద మా పాటల పెన్ డ్రైవ్‌లు పెట్టుకుని నిలబడ్డాను. కూర్చోవడానికి స్టూలు ఉంది, కానీ నాకు కూర్చోబుద్ధి కాదు. మా ఆయన పోయిన దగ్గర్నుంచి ఒక్కచోట నిలవలేకపోతున్నాను. బండ్ల చివర దాకా పోతాను, మళ్లీ వస్తాను. గంపకు కాళ్లున్నా నా అంత తిరగదని పండ్లాయన నవ్వుతుంటాడు.

"పెద్దమ్మ, గిది ఖరాబున్నది," అన్నాడు ఆ పిల్లగాడు.

"ఏమైంది నాయినా?"

"రెండో పాట సగం దాక మంచిగొస్తాంది. ఇగ డప్పు ఆగిపోతాంది. నువ్వొక్కదానివే ఒర్లుతున్నవ్."

"ఒర్లుతున్ననా? పాడుతున్న."

"గదేలే, పాడుతున్నవ్. మరి డప్పేది? మార్చియ్యి."

మార్చి ఇస్తే అందులోనూ అంతే ఉంటుంది. అన్నీ ఒక్కటే. డబ్బులు తిరిగిచ్చి పంపించాను. వాడు పోయాక కూడా ఆ పెన్ డ్రైవ్‌ను గంప మీద పెట్టలేకపోయాను, చేతిలోనే తిప్పుతూ ఉన్నాను.

పాటలు నేను కట్టినవే. నాట్లు వేస్తూ, కలుపు తీస్తూ కట్టాను. రాయడం రాదు గనక నోట్లో కట్టుకుని నోట్లోనే దాచుకున్నాను. ఇప్పుడు కూడా నేను చెబుతుంటే మా బిడ్డ రాస్తోంది. జనం ఎక్కువ అడిగేది ఆ రెండో పాటనే. మా చుట్టుపక్కల పొలాలు ప్లాట్లు అవుతున్నప్పుడు కట్టింది. "నారు వోసిన మళ్లనే నంబరు రాయి మొలిసెనే" అని ఎత్తుకుంటాను. డప్పు మా ఆయనది. పెళ్లికైనా చావుకైనా మా ఊళ్లో ఆయన డప్పు లేనిదే నడిచేది కాదు.

మా బిడ్డ మందుల కంపెనీలో ప్యాకింగ్ పని చేస్తుంది. ఒక వానకాలం సెలవు రోజున తన ఫోను ప్రహరీ గోడ మీద పెట్టి, మా ఇద్దరినీ వాకిట్లో కూర్చోబెట్టి, పాటలు రికార్డు చేసింది. ఆ చలికాలమే ఆయన ఛాతీ జబ్బుతో పోయాడు. మళ్లీ రికార్డు చేద్దామంటే నేనున్నాను, ఆయన లేడు.

ఇంట్లో కుదురుగా ఉండలేక నేను పిచ్చిదానిలా తిరుగుతుంటే, "పాటలన్న అమ్ముదాం పా అమ్మ, తిరిగినందుకన్న పని అయితది" అన్నది బిడ్డ. సికింద్రాబాద్‌లో పెన్ డ్రైవ్‌లు టోకున తెస్తుంది. పాత ల్యాప్‌టాప్‌లో ఒక్కొక్కటీ పెట్టి పాటలు ఎక్కిస్తుంది. నేను వాటిని చిన్న ప్లాస్టిక్ కవర్లలో వేసి, కవరు అంచును కొవ్వొత్తి మంటకు చూపించి అతికిస్తాను. మావని తెలియడానికి ఎర్రటి గోళ్ల రంగుతో ఒక బొట్టు పెడతాను. పేరు రాయడం రాదు మరి.

ఆ పాటలో డప్పు ఎందుకు ఆగుతుందో చెప్పాలి. వానకాలం గాలికి డప్పు చర్మం మెత్తబడుతుంది. మోత పోయి బొదబొదమంటుంది. అప్పుడు వరిగడ్డి మంట మీద కాచుకోవాలి, చర్మం బిగిస్తే మళ్లీ పలుకుతుంది. ఊరేగింపులో నలుగురు కొడతారు గనక ఒకడు కాచుకోవడానికి పోయినా తెలియదు. మా వాకిట్లో ఉన్నది ఒక్క డప్పు. పాట మధ్యలో అది మెత్తబడింది. ఆయన లేచి పోతూ, "ఆగకు, నువ్వు పాడు" అన్నాడు. నేను ఒక చరణం ఉత్త గొంతుతో పాడాను. చెవి పెట్టి వింటే అక్కడ గడ్డి చిటపటలు వినిపిస్తాయి. ఆయన దగ్గు వినిపిస్తుంది. కాగిందో లేదో చూసుకుంటూ వేలితో టక్ టక్‌మని కొట్టడం వినిపిస్తుంది. తర్వాత ఒక్కసారిగా దూకినట్టు డప్పు వచ్చి నా పాటలో కలుస్తుంది.

కొన్నవాళ్లకు అది తెలియదు కదా. ట్రాక్టర్ పిల్లగాడి తర్వాత మరికొందరు వాపసు తెచ్చారు. పెన్ డ్రైవ్ చెడిపోయిందన్నారు. ఒకామె నా ముఖం మీదే, "మంచిది సూశి ఇయ్యరాదు, ఇంట్ల తయారైతె గిట్లనే ఉంటది" అని పోయింది.

బిడ్డ డ్యూటీ నుంచి వచ్చి చెప్పులు విప్పకముందే మొదలుపెట్టింది.

"అమ్మ, ఆగిన కాడ డప్పు అతికిస్త. పాట మొదట్ల ఉన్నది తీసి గీడ పెట్టుడే. ఫోన్లనే అయితది."

"వద్దు."

"నాయిన డప్పేనే. వేరేటోల్లది పెడుతున్ననా? ఖరాబ్ మాలు అమ్ముతున్నరని పేరొస్తె నాయిన పాట ఎవలింటరు?"

నేను కొవ్వొత్తి వెలిగించి కవర్లు ముందేసుకున్నాను. బిడ్డ అతికించింది, స్పీకర్‌లో వినిపించింది. ఆ చరణం వచ్చింది. గడ్డి చిటపట లేదు, దగ్గు లేదు. ఆయన ఆగకుండా కొడుతూనే ఉన్నాడు. నేను లేచి బయటికి పోయాను. లోపలికి వచ్చి, కడిగిన గిన్నెలనే మళ్లీ కడిగాను.

"ఎట్లున్నదే?" అన్నది బిడ్డ.

"డప్పు కాసుకోను పోయిన మనిషి గీడెట్ల కొడుతున్నడే?"

"పరేషాన్ జెయ్యకమ్మ. ఇనెటోల్లకు ఏం తెలుస్తది?"

"నాకు తెలుస్తది."

"నువ్వు కొంటున్నవా మరి?"

నవ్వింది గానీ దాని కళ్లలో నీళ్లు తిరిగాయి. దానికి మాత్రం తండ్రి కాడా? ఆయన పాట నాలుగు ఊళ్లు వినాలని దాని తాపత్రయం. అతికించిన వాటికి రెండు బొట్లు పెట్టి వేరే కట్ట కట్టాను. ఆదివారం రెండు కట్టలూ సంచిలో వేసుకుని శామీర్‌పేట పోయాను. చెరువు చూడ్డానికి వచ్చేవాళ్లతో ఆ రోజు చౌరస్తా కిటకిటలాడుతుంది.

కీసర దిక్కు పోయే ఆటో ఒకటి జనం కోసం నిలబడి ఉంది. నేను పాడుకుంటూ పోతుంటే డ్రైవర్ నా గొంతు విని పిలిచాడు.

"అక్కా, నీ పాటలేనా? మస్తు ఖంగుమంటాంది గొంతు. ఒకటియ్యి."

రెండు బొట్లది ఇచ్చాను. అక్కడే పెట్టి, సౌండు పెంచాడు. వెనక చేపల సంచితో కూర్చున్న ఒకామె మోకాలి మీద తాళం వేసింది. ఎవరో ఈల వేశారు. ఇంతకంటే ఏం కావాలి, పోవచ్చు కదా నేను. పోలేదు. ఆటో ముందు నుంచి వెనక్కి, వెనక నుంచి ముందుకి తిరిగాను. రెండో పాట మొదలైంది. ఆ చరణం వచ్చింది. డప్పు ఆగలేదు. డప్పు లేని చోట పాటను ఒక్కదాన్నే మోస్తూ నేను కాస్త నిదానంగా పాడాను రికార్డు చేసిన రోజు. ఇప్పుడు నా పాట ఒక దారిన, ఆ అతికించిన డప్పు ఒక దారిన పోతున్నాయి. ఈల వేసినవాడికి అదేం పట్టలేదు.

"తమ్మీ, అది ఇటియ్యి."

"ఎందుకక్కా? మంచిగ నడుస్తాంది గద!"

"నడుస్తాంది. గందుకే ఇయ్యమంటున్న." ఒక బొట్టుది తీసి చేతిలో పెట్టాను. "గిది పెట్టు. రెండో పాటల డప్పు ఆగుతది. ఖరాబ్ గాదు. మా ఆయన డప్పు కాసుకోను పోయిండు."

"మళ్ల ఎప్పుడొస్తడు?"

"ఒక చరణం అయినంక."

చేపలామె నవ్వింది. "నయమే అక్కా. మావోడు కల్లుకు పోతె పాటంత అయిపోయినా రాడు."

డ్రైవర్ రెండో పాటకే తిప్పాడు. డప్పు మెత్తబడింది, ఆగింది. ఆయన గొంతు వచ్చింది, "ఆగకు, నువ్వు పాడు." గడ్డి చిటపటల దగ్గర డ్రైవర్ చెవి స్పీకర్ వైపు వంచాడు. అంతలో చివరి సీటు నిండింది. ఆయన ఇంకా మంట దగ్గరే ఉన్నాడు, ఆటో కదిలింది.

రెండడుగులు వెంట పోయాను. ఏం చెప్పి ఆపాలి? రోడ్డు పక్కన నిలబడి ఆ చరణం పెదవుల మీదే పాడుకున్నాను. అది అయ్యేసరికి ఆటో రింగు రోడ్డు దగ్గరికి పోయి ఉంటుంది. ఆయన వచ్చే ఉంటాడు. లేక డ్రైవరు వేరే పాట పెట్టాడో ఏమో.

రెండు బొట్ల కట్టను సంచి అడుక్కు తోశాను. బిడ్డ ఏమంటుందో తెలుసు, ఇంటికి పోయాక పడతాను. ఒక బొట్టువి పైకి తీసి పక్క ఆటో దగ్గరికి నడిచాను. మధ్యలో డప్పు ఆగుతుందని, అది ఖరాబు కాదని ముందే చెప్పాను.

"ఆగెటిది నాకెందుకమ్మ?" అన్నాడు ఆ డ్రైవరు.

దాని వెనక ఆటో దగ్గరికి పోయాను.