సున్నా నుంచి మొదలయ్యే ఫిల్టర్

నిన్న పొద్దున్న ఆస్పత్రికి బయల్దేరుతూ చెప్పులు వేసుకుంటున్నాను. తమ్ముడి ఫోన్.

"అన్నయ్యా, ఇంక నువ్వు రానక్కర్నేదు" అన్నాడు.

ఒక కాలికి చెప్పు ఉంది. రెండోది వేసుకోవాలో, ఉన్నది తీసెయ్యాలో తెలియలేదు.

అలాగే కూర్చున్నాను.

మా స్రవంతి పోయింది. తమ్ముడి మనవరాలు. డెంగ్యూ. ముప్పై కూడా నిండలేదు.

ఏడుపు రాలేదు. ఇప్పటికీ రావడం లేదు. నేను చెబుతుంటే మా కోడలు ఇది మన చుట్టాల గ్రూపులో టైప్ చేస్తోంది. మధ్యమధ్యలో ఆపి తనే ముక్కు తుడుచుకుంటోంది.

వేళాకోళం ఆడకుండా నేనెవర్నీ వదలనని మీకందరికీ తెలుసు. స్రవంతిని అయితే మరీను.

ఇక్కడే టాటానగర్‌ సోనారిలో ఇంట్లో కూర్చొని సముద్రంలో దిగేవాళ్ళకి యాప్ చేసేది. సిలిండర్ కట్టుకొని నీళ్ళ అడుక్కి వెళ్ళేవాళ్ళుంటారు కదా. ఎక్కడ దిగారు, ఎంత లోతు, ఏ చేప కనబడింది, అన్నీ అందులో రాసుకుంటారు. మా పిల్లకేమో ఈతే రాదు.

"ఏటే, బకెట్లో కాలెట్టడానికి బయపడతావు, నువ్వు డైవర్లకి దారి సూపిత్తావా?" అనేవాణ్ణి.

"తాతా, ఆప్ చుప్ రహియే" అనేది.

నేను తెలుగులో తిడితే అది హిందీలో తిట్టేది.

ఆ యాప్‌లో ఫిల్టర్ మార్చే పని దానికి ఇచ్చారు. ఒక్కొక్కరూ రాసుకున్న డైవులు బోల్డు ఉంటాయి. అందులోంచి కావలసినవి మాత్రమే ఏరి చూపించేది ఫిల్టర్. టెస్టింగ్‌కి నన్ను పట్టుకుంది.

"నీకు అర్థమైతే దునియా మొత్తానికి అర్థమైపోద్ది తాతా."

"అంటే నాకంటే మొద్దు ఇంకోడు లేడనా?"

"హా."

టెస్ట్ చెయ్యాలంటే డైవులు కావాలి. నేనెక్కడ దిగాను? అందుకని ఖర్కాయి, సువర్ణరేఖ నదులు కలిసేచోట చేసిన కార్తీక స్నానాలన్నీ ఎక్కించాను. లోతు: ఒక మీటరు. కనబడిన జీవులు: గేదెలు, మా ఆవిడ.

మా ఆవిడ అది చదివింది. ఆ పూట అన్నం నేనే వడ్డించుకున్నాను.

తర్వాత ఫిల్టర్ తెరిచాను. అన్నీ గడులే. రాత్రి డైవు, గుహ డైవు, పడవ మీంచి, ఒడ్డు మీంచి, మునిగిపోయిన ఓడ. అన్నిటికీ టిక్ పెట్టేశాను. టాటానగర్ రైల్వే షెడ్‌లో ఖలాసీగా చేసినవాణ్ణి. ఫారంలో ఒక్క గడి ఖాళీ వదిలినా వెనక్కి కొట్టేవారు. ఆరో క్లాసు చదువుకి ఆ భయం ఒకటి బాగా ఒంటబట్టింది.

డైవులన్నీ మాయం. తెల్ల పేజీ. మధ్యలో ఏదో ఇంగ్లీషు ముక్క.

మొత్తం చెరిపేశాననుకొని లుంగీతోనే వాళ్ళింటికి పరిగెత్తాను.

"ఒలే, నా మునకలన్నీ ఏవైపోనాయే? నీ యాప్ మింగీసిందేటి?"

నవ్వి నవ్వి కుర్చీలోంచి జారింది. తర్వాత నా మొహం చూసి ఆపేసింది.

"ఇత్నా డర్ గయే తాతా?"

"మరి బయం కాదేటి? నీ కట్టమంతా పోగొట్టీసినాననుకున్నాను."

ఏదీ పోలేదట, పెట్టిన టిక్కులన్నిటికీ సరిపడే మునక ఒక్కటీ లేక చూపించలేదంతేనట. ఆ రోజు నుంచి ఫిల్టర్ పని మళ్ళీ మొదటికొచ్చింది. పెట్టిన టిక్కులన్నీ పైన వరసగా కనబడాలంది. ఒక్కొక్కటీ వేలితో తీసెయ్యగలగాలంది. లోతు అందులో ఐదు మీటర్ల నుంచి మొదలయ్యేది. నా మునకలు దానికి ఆనవు. సున్నా నుంచి పెట్టాలని పట్టుబట్టింది.

వీడియో మీటింగులో వాళ్ళ సారు అడిగాడు, అంత తక్కువ లోతు ఎవడు రాసుకుంటాడని. నేను వెనకాలే టీ తాగుతున్నాను.

"మేరే తాతా" అంది.

సారు నవ్వాడు. ఇది నవ్వలేదు. కొత్తగా దిగేవాడికి నడుం లోతే గొప్ప, వాడి మొదటి డైవు కనబడకుండా చేస్తే వాడు మళ్ళీ దిగడు అని గట్టిగా వాదించింది. పూర్తిచేసి చూపించు, సోమవారం తేలుస్తాం అన్నారు.

ఆ సోమవారం ఇవాళే.

మొన్న సాయంత్రం ఆస్పత్రి మంచం మీంచి మెసేజ్ పెట్టింది. "తాతా, కొత్తది పంపాను. అన్నీ టిక్ చెయ్యి. ప్లీజ్."

"ఆగు, రేపొత్తన్నా. నీ ముందరే సేత్తాను" అని వాయిస్ పంపాను.

నిన్న సాయంత్రం ఘాట్‌లో అంతా అయ్యాక అందరితోపాటు నదిలో మునిగాను. అదే నది. ఆ మునక యాప్‌లో రాయలేదు.

ఇంటికొచ్చి తడి తుడుచుకొని, అది పంపిన కొత్తది తెరిచాను. అన్నిటికీ టిక్ పెట్టాను.

తెల్ల పేజీ వచ్చింది. ఈసారి ఇంగ్లీషు లేదు. తెలుగులో ఉంది.

"నువ్వేం చెరపలేదు తాతా. అన్నీ ఉన్నాయి. ఒక్కో టిక్కూ తీస్తూ రా."

ఒక్కోటీ తీశాను.

గేదెలు వచ్చాయి. మా ఆవిడ వచ్చింది. అన్నీ తీసేసరికి, అన్నిటికంటే పైన ఒకటి కనబడింది. నేను రాసింది కాదు.

చోటు: సోనారి, మన సోఫా.
లోతు: సున్నా.
కనబడిన జీవి: తాత.

చాలాసేపు చూశాను.

ఇందాక దాని ఆఫీసులో పనిచేసే అమ్మాయి ఫోన్ చేసింది. ఆ పిల్ల ఏడుస్తూనే ఉంది. నేను ఒక్కటే అడిగాను.

"బేటీ, జీరో రహేగా?"

"రహేగా దాదాజీ. అందరూ ఒప్పుకున్నారు" అని హిందీలో చెప్పింది.

ఫోన్ పెట్టేశాను. ఎవరికి చెప్పాలో తోచలేదు. చెప్పవలసింది దానికే కదా.

స్రవంతీ, నీ సున్నా ఉంటాదటే. ఇంక నిమ్మళంగా పడుకో తల్లీ.

అక్కడ నీళ్ళుంటే నడుం లోతు దాటి ఎల్లకు. నీకు ఈత రాదు.