ఏడవనని మొక్కిన పచ్చబొట్టు

నా చిన్నప్పుడు నన్ను ‘ఒక్క కాడ నిలువని పిల్ల’ అనేవారు. మా అమ్మను ఆపరేషన్ కోసం వరంగల్ దవాఖానకు తీసుకుపోయిన ఆ రోజుల్లో నేను నిజంగానే నిలవలేదు. ధర్మసాగర్ దగ్గరి మా ఊళ్లో నేనూ, మా నాయనమ్మా మిగిలాం. బస్సు చప్పుడు వినపడితే చాలు, రోడ్డు మీదికి ఉరికేదాన్ని. అమ్మ మాత్రం దిగేది కాదు.

అప్పుడే పచ్చబొట్లు పొడిచే అవ్వ మా వాడకు వచ్చింది. మేడారం సమ్మక్క తల్లికి మనసులోనే మొక్కుకున్నాను: ఒక్కపొద్దుండి, కంట చుక్క నీరు రానీయకుండా పచ్చబొట్టు పొడిపించుకుంటాను, మా అమ్మను ఇంటికి పంపు అని. ఏడిస్తే మొక్కు చెడుతుంది, అమ్మ రాదు. ఇది నాకు నేనే పెట్టుకున్న షరతు. “కడుపు నిండ తిను, లేకుంటె కండ్లు తిరుగుతయ్” అని నాయనమ్మ పెట్టిన జొన్న గటకను కోళ్లకు వేసి, తిన్నానని అబద్ధమాడాను.

మూడు సూదులు కలిపి కట్టి, మసిలో ముంచి, అవ్వ నా ముంజేతి మీద ముగ్గు పొడుస్తుంటే అబ్బో, ప్రాణం పోయినంత పనైంది. పెదవి కొరుక్కున్నాను. కాళ్లు మాత్రం నా మాట వినలేదు, నేలను తన్నుతూనే ఉన్నాయి. ముగ్గు సగం కాకముందే కళ్లు బైర్లు కమ్మి పక్కకు ఒరిగిపోయాను.

నీళ్లు చల్లి లేపాక మొక్కు సంగతి అంతా చెప్పేశాను. నాయనమ్మ తిడుతుందనుకున్నాను. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. అవ్వ తన మూటలోంచి చిన్న బెల్లం ముక్క తీసింది. మేడారం మొక్కుల్లో మేము బెల్లాన్నే బంగారం అంటాం.

“ఇది తల్లి బంగారం బిడ్డా. పరసాదం తింటె ఒక్కపొద్దు చెడది,” అని నోట్లో పెట్టింది. “తల్లికి బంగారం మొక్కుతరు గని, ఏడుపు ఆపుకుంటనని మొక్కుతరానే పిచ్చిదానా? ఇగ ఒర్రు. ఎంత ఒర్రుతవో ఒర్రు!”

అది నిజంగా మేడారం బెల్లమో, అంగట్లో కొన్నదో నాకు ఇప్పటికీ తెలియదు. వాడంతా వినేటట్టు అరిచాను. ముగ్గు పూర్తయింది. కానీ లోపలి భయం పోలేదు. నా ఏడుపే అమ్మను అక్కడ ఆపేసిందేమోనని రోజుకు పదిసార్లు రోడ్డెక్కాను.

పది రోజులకు అమ్మ వచ్చింది. నా చెయ్యి చూసి, “మస్తు ఏడ్చినవా?” అంది. అవునని తలూపాను.

“నేను గూడ బిడ్డా. వార్డంత ఇనేటట్టు ఏడ్చిన,” అంది. ఆమెను గట్టిగా వాటేసుకోబోతే, “జర నెమ్మది, కుట్లున్నయ్” అని నవ్వింది.

మొన్న మా మనవరాలు హన్మకొండలో టాటూ వేయించుకుంటానంటే వద్దనలేదు. దగ్గర కూర్చుని కడుపునిండా అన్నం తినిపించాను. “ఏడిస్తే అందరూ నవ్వుతారేమో నానమ్మా” అంది. నవ్వితే నవ్వనీ, నువ్వు అరిచెయ్యి, నీ పక్కన నేనూ అరుస్తాను అన్నాను.