పసరు గిన్నె ముందు సుగుణ గారు

మొన్న వాన వెలిశాక కుండీల్లో కలుపు పీకుతుంటే నేలఉసిరి మొక్కొకటి వేళ్ల మధ్య నలిగింది. ఆ పచ్చి చేదు వాసనకి ఒక్కసారిగా సుగుణ గారు గుర్తొచ్చారు. ఎనభైల్లో బెజవాడ మెడికల్ కాలేజీలో మాకు మందులు ఒంట్లో ఎలా పనిచేస్తాయో పాఠం చెప్పిన టీచరు ఆవిడ. సూది వేసే ముందు ఎలుకని కూడా "కాస్త ఓర్చుకోండి" అని బతిమాలేవారు. మేం చాటుగా నవ్వుకునేవాళ్లం.

ఆవిడ చెల్లెలు రూతుకి రక్త క్యాన్సర్. మాత్రలు జబ్బుని అణిచాయి గానీ కాలేయాన్ని దెబ్బతీశాయి. పిల్ల కళ్లు పచ్చబడ్డాయి. డాక్టరుగారు మాత్రలు కొన్నాళ్లు ఆపమన్నారు. పచ్చకామెర్లంటే మా వైపు ఏ ఇంట్లోనైనా చేసేదే వాళ్లమ్మగారూ చేయబోయారు. ఉప్పూ నూనే మాన్పించి, పరగడుపున మజ్జిగలో నేలఉసిరి పసరు. అసలే నీరసించిన పిల్లకి ఈ పథ్యమేమిటని సుగుణ గారు పట్టుబట్టి అన్నం తినిపించారు. పసరుని మాత్రం కొట్టిపారేయలేదు. కాలేజీకి తెచ్చి, రూతు వాడే మందే ఎలుకలకిచ్చి, వాటిలో కొన్నింటికి పసరు కూడా పట్టించారు.

కోసి చూసిన రోజు నేను పక్కనే ఉన్నాను. మందు ఒక్కటే తిన్నవాటి కాలేయాలు పాలిపోయాయి. పసరు కూడా తాగినవాటివి నిగనిగలాడుతున్నాయి. గోడవారన మొలిచే మొక్కలో ఇంత శక్తా! "మేడమ్, రూతుకి ఇచ్చేయొచ్చండీ!" అని అరిచేశాను. ఆవిడ కత్తెర పక్కన పెట్టారు. "ఈ ఎలుకలకి క్యాన్సర్ లేదుగా అమ్మాయ్. పసరు కాలేయాన్ని కాపాడిందో, మందునే పనిచెయ్యనివ్వలేదో! రెండోదైతే జబ్బుని కూడా కాపాడినట్టే" అన్నారు.

మర్నాడు పొద్దున రూతుకి మాత్రలు మళ్లీ మొదలుపెట్టాలి. భవానీపురంలో వాళ్లింటికి నేనూ వెళ్లాను. వాళ్లమ్మగారు పసరు గిన్నెతో గుమ్మంలోనే ఎదురయ్యారు.

"మంచిదని తేలిందా?"

"కాలేయానికి మంచిదేమోనమ్మా. జబ్బు తిరగబెడుతుందేమో తెలీదు."

"తెలీదనడానికా నిన్నింత చదివించాం?"

సుగుణ గారి కళ్లనిండా నీళ్లు. అయినా తల దించలేదు. "తెలియకుండా దానికి పట్టలేనమ్మా" అని గిన్నె అందుకుని పక్కన పెట్టారు.

మోతాదు తగ్గించి ఇచ్చిన మాత్రలతో రూతు కొన్నాళ్లు బాగానే తిరిగింది. తర్వాత జబ్బు తిరగబెట్టి చనిపోయింది. సమాధి దగ్గర వాళ్లమ్మగారు, "ఆ పసరు పోసుంటే బతికేదా?" అని అడిగారు. బతికేది కాదు అనేస్తే ఇద్దరికీ ఊరటే. సుగుణ గారు తల్లిని పొదివి పట్టుకుని, "తెలీదమ్మా" అన్నారు.

ఇప్పుడు నేనూ డాక్టర్ని. రోగులు ఏదో పసరు సీసా పట్టుకొచ్చి, మందులతో పాటు ఇదీ వాడొచ్చా అని అడుగుతారు. తెలిసింది చెబుతాను. తెలియని చోట తెలీదనే చెబుతాను, కానీ ప్రతిసారీ వాళ్ల మొహం చూడలేక సీసా వంకే చూస్తూ చెబుతాను. నేను చెప్పేది పరాయివాళ్లకి. ఆవిడ కన్నతల్లికి చెప్పారు, రెండుసార్లు.