చెరిపేసిన తెల్ల చుక్క

ఆ ఫోటో స్టూడియోలో ముందుగది ఓనరుది, వెనకగది టచప్ మాస్టారిది. ముందుగదిలో దీపాలు, తెల్ల గొడుగులు, పరదాలు. వెనకగదిలో ఒక కంప్యూటరు, ఒక కుర్చీ, తాగడం మర్చిపోయిన టీ. జనం ముందుగదిలో ఎలా ఉన్నవాళ్ళు అలా కూర్చునేవాళ్ళు, వెనకగదిలోంచి ఎలా ఉండాలనుకుంటారో అలా బయటికొచ్చేవాళ్ళు. మొటిమలు పోయేవి, మెడ మీది ముడతలు పోయేవి. రెప్పవాల్చిన పెళ్ళికొడుక్కి ఇంకో ఫోటోలోంచి తెరిచిన కళ్ళు తెచ్చి అతికించడం మాస్టారికి మంచినీళ్ళు తాగినంత తేలిక.

ఇంతమంది కళ్ళు దిద్దే మాస్టారికి ఉన్నది ఒకటే కన్ను. కుడివైపుది పెట్టుడు కన్ను. చిన్నప్పుడు ఆడుకుంటుంటే పుల్ల గుచ్చుకుందని వాళ్ళమ్మ చెప్పింది, అతనూ అడిగినవాళ్ళందరికీ అదే చెప్పేవాడు.

"ఒక్క కంటితోనే ఇంత చేస్తున్నారు, రెండూ ఉంటే ఇంకెంత చేసేవారో మాస్టారూ!" అనేవాడు ఓనరు.

"రెండూ ఉంటే మీ ముఖం పూర్తిగా కనబడేది. ఈ ఉద్యోగం ఎప్పుడో మానేసేవాణ్ణి."

పెళ్ళయిన చాలా ఏళ్ళకి కూతురు పుట్టింది. చిట్టి అని పిలుచుకున్నారు. వారం తిరిగేసరికల్లా ఫోనుతో పాప ఫోటోలు తీసి, స్టూడియోకి తెచ్చుకుని, పని అయ్యాక ముచ్చటగా దిద్దుకునేవాడు. వాటిలో పాప ఎడమ కంటి నల్లగుడ్డు నడుమ తెల్లగా ఒక చుక్క మెరిసేది. ఫ్లాష్ పడితే కళ్ళు ఎర్రగా రావడం అతనికి రోజూ ఉండే గొడవే. ఇది తెల్లగా వస్తోంది, అంతే కదా అనుకున్నాడు. ఫోను మంచిది కాదనుకున్నాడు. తెలుపు మీద నలుపు వేసి, పక్కన సూదిమొనంత వెలుగు పెట్టేవాడు. కన్ను కళకళలాడేది. దిద్దినదాన్ని పాతదాని మీదే సేవ్ చేసి, ఫోనులోది తీసేసేవాడు. ఫోనులోనూ కంప్యూటరులోనూ చోటు చాలదు మరి. ఆ స్టూడియోలో ఎవరి ఫోటోకైనా అదే పద్ధతి.

"పాప కన్ను పిల్లి కన్నులా మెరుస్తోందేంటండీ?" అంది భార్య ఒక సాయంత్రం, లైటు కింద పాపకి పాలు పడుతూ.

"నీ పోలికేమో. కోపం వస్తే నీ కళ్ళూ అలాగే ఉంటాయి."

"వేళాకోళం కాదు, వచ్చి చూడండి."

"లైటు పడితే అంతేనే. పొద్దున లేస్తే కళ్ళతోనే కదా నా పని, నాకు తెలీదా?"

పక్కనే కూర్చున్న అతని తల్లి వంగి మనవరాలి ముఖంలోకి చూసింది. లేచి వంటింట్లోకి వెళ్ళిపోయింది.

టీకాలకి ఆరోగ్య కేంద్రానికి తీసుకెళ్ళిన ప్రతిసారీ చిట్టిని తూకం వేశారు, తల చుట్టూ టేపు పెట్టి కొలిచారు, బాగా పెరుగుతోందన్నారు. అక్కడ టార్చిలైటు ఉంది. దాన్ని పసిబిడ్డ కంట్లోకి వేసి చూడాలన్న నియమం మాత్రం లేదు. ఒక కన్ను లేని తండ్రి బిడ్డని ఎత్తుకుని వరసలో నిలబడితే, నీ కన్నెలా పోయిందయ్యా అని అడిగే ఓపిక ఎవరికీ లేదు. వాళ్ళనీ ఏమనగలం? వరస తలుపు దాటి వీధిలోకి ఉండేది.

చిట్టి గోడ పట్టుకుని నిలబడే వేళకి ఎడమ కన్ను పక్కకి తిరగడం మొదలైంది. అప్పుడు పరుగెత్తారు పెద్దాసుపత్రికి. కంటి డాక్టరమ్మ చీకటి గదిలో చాలాసేపు చూసింది. మత్తిచ్చి మళ్ళీ చూసింది. బయటికొచ్చి కుర్చీ దగ్గరికి లాక్కుని కూర్చుంది.

"కంటి వెనక పొరలో గడ్డ. క్యాన్సరు. ఎడమ కన్నంతా నిండిపోయింది, తీసెయ్యాలి. కుడి కంట్లో రెండు చిన్నవి ఉన్నాయి. ఆ కన్ను కాపాడటానికి చూస్తాం." మాస్టారి ముఖంలోకి చూసింది. "మీ కన్నెలా పోయింది?"

"చిన్నప్పుడు పుల్ల గుచ్చుకుందండీ."

డాక్టరమ్మ అతని తల్లి వైపు తిరిగింది. "అవునామ్మా?"

పెద్దావిడ చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "పుల్ల కాదు," అంది. "గడ్డే. వీడికీ ఇలాగే తెల్లగా మెరిసేది."

"అమ్మా!"

"చెబితే నీకు పిల్లనెవరిస్తార్రా? మీ నాన్న నోరెత్తొద్దన్నాడు. కన్ను తీసిన డాక్టరు, పిల్లాడికి ఇక భయం లేదు, తీసుకుపొమ్మన్నాడు. నీ పిల్లల సంగతి ఆయన అనలేదు, నేను అడగలేదు."

"ఆ రోజు లైటు కింద మీరు చూశారు అత్తయ్యా," అంది కోడలు. గొంతు పెంచలేదు. "చూసి లేచి వెళ్ళిపోయారు."

"అది కాదనుకున్నానే. కాకూడదని దణ్ణం పెట్టుకున్నాను."

డాక్టరమ్మ ఎవర్నీ తప్పుబట్టలేదు. నెమ్మదిగా చెప్పుకొచ్చింది. ఒంట్లో ప్రతి కణంలోనూ పెరగమని చెప్పే జన్యువులు కొన్ని, ఇక చాలు ఆగమని చెప్పేవి కొన్ని ఉంటాయి. పెరగమనేవాటికి తిక్క పుట్టి, అవసరమున్నా లేకున్నా పెరుగు పెరుగు అని అరుస్తుంటే కొన్ని క్యాన్సర్లు వస్తాయి. అక్కడ జంటలో ఒకటి చెడినా చాలు. ఆగమనేవాటి సంగతి వేరు. అమ్మ ఇచ్చింది ఒకటి, నాన్న ఇచ్చింది ఒకటి. ఒకటి పాడైనా రెండోది ఒంటిచేత్తో నెట్టుకొస్తుంది. రెండూ పోతే ఆ కణానికి ఆగమని చెప్పే దిక్కుండదు.

"చిట్టికి నేనిచ్చింది పాడైంది," అన్నాడు మాస్టారు.

"మీరు ఎంచి ఇవ్వలేదు. పుట్టే ప్రతి బిడ్డకీ వస్తే రావచ్చు, లేకపోతే లేదు. బొమ్మా బొరుసూ లాంటిది."

"వాళ్ళమ్మ ఇచ్చింది బాగానే ఉంది కదండీ. అదేమైంది?"

"కన్ను తయారయ్యేటప్పుడు కణాలు లక్షల్లో పుట్టుకొస్తాయి. అక్కడక్కడ ఒక్కో దాంట్లో ఆ మంచిది కూడా చెడిపోయింది. గడ్డకి ఒక్కటి చాలు. ఎందుకు చెడిందని అడక్కండి, నా దగ్గర జవాబు లేదు." లేవబోతూ అంది, "ఈ తెలుపు ఎప్పట్నుంచి కనబడుతోందో తెలియాలి. పాప పాత ఫోటోలుంటే తీసుకురండి."

ఫోటోలకేం కొదవ! మాస్టారు వెనకగదిలో కూర్చుని ఒక్కొక్కటీ తెరిచాడు. బోర్లాపడిన చిట్టి, బోసినవ్వు చిట్టి, టోపీ పెట్టుకున్న చిట్టి. ఏ ఫోటో చూసినా రెండు కళ్ళూ నల్లగా నిగనిగలాడుతున్నాయి. ఎక్కడా చేయి పడినట్టే తెలియడం లేదు. అంత బాగా చేశాడు.

ఓనరు వచ్చి భుజం మీద చెయ్యేసి, "ఒక్కటైనా ముట్టుకోనిది ఉండదా?" అన్నాడు.

ఉంది. పాప గుక్కపట్టి ఏడుస్తోందని, బాగాలేదని అతను దిద్దకుండా పక్కన పడేసిన ఫోటో. మూడో నెలది. నీళ్ళు నిండిన ఎడమ కంట్లో తెల్ల చుక్క, కంది గింజంత.

డాక్టరమ్మ ఆ ఫోటోని చూసి, "అప్పుడే వచ్చి ఉంటే..." అని మొదలుపెట్టి ఆగిపోయింది. ఆ మాట పూర్తి చెయ్యమని అతను అడగలేదు.

అప్పట్లో మాస్టారి కన్ను తీసిన ఆసుపత్రి, ఆ పిల్లాడు పెరిగి తండ్రి అవుతాడని ఒక్క మాట అని ఉంటే, ఆ మాట బయటపెడితే పెళ్ళి కాదన్న భయం ఇళ్ళలో లేకుండా ఉంటే, చిట్టి పుట్టిన వారానికే ఎవరో ఒకరు కంట్లోకి చూసేవాళ్ళు. జన్యువుని ఎవరూ ఆపలేకపోవచ్చు. మిగతాదంతా ఆపగలిగేదే.

చిట్టి ఎడమ కన్ను తీసేశారు. కుడి కంటికి మందులు ఎక్కించారు, లేజరుతో కాల్చారు. పాప జుట్టు రాలిపోయింది. నెల నెలా తీసుకురావాలి, మత్తిచ్చి చూడాలి. తలుపు దగ్గర నర్సు చేతులు చాపినప్పుడల్లా చిట్టి తండ్రి చొక్కా గుండీ పట్టుకుని వదిలేది కాదు. ఒక్కొక్క వేలూ అతనే విడదీసి లోపలికి ఇచ్చేవాడు.

ఈసారి డాక్టరమ్మ త్వరగా రాలేదు. వచ్చాక మాస్కు కిందికి లాగి, "పాతవి రెండూ ముడుచుకున్నాయి. కొత్తది ఒకటి వచ్చింది. చూపు నిలిచే చోటికి దగ్గర్లో," అంది.

"కాల్చారా?"

"కాల్చాం. ఎక్కువ కాలిస్తే చూపు పోతుంది, తక్కువ కాలిస్తే అది పెరుగుతుంది."

"ఇక రాకుండా ఉంటుందా?"

"చెప్పలేను. ఆ కంట్లో ప్రతి కణమూ ఒక్క మంచి జన్యువు మీదే బతుకుతోంది."

"నా దగ్గర ఒక కన్ను మిగిలింది డాక్టరమ్మా. పనికొస్తుందేమో చూడండి."

నవ్వుతూ అనబోయాడు గానీ నవ్వు రాలేదు.

"రాదు," అంది ఆవిడ. "కన్ను అలా మార్చడం ఎవరికీ చేతకాదు."

"మరి నేనేం చెయ్యాలి?"

"వచ్చే నెల తీసుకురండి."

మత్తు వదలని పాపని భార్య ఒళ్ళో పెట్టుకుంది. అతని ముఖం చూసి తల దించుకుంది. జేబులో ఫోను మోగింది. ఇంటి దగ్గర్నుంచి తల్లి.

"బాగుందన్నారా నాన్నా? బాగుందనే చెప్పరా, నీకు పుణ్యముంటుంది."

"లేదమ్మా," అన్నాడు. "ఇంకోటి వచ్చింది."

అవతల్నుంచి చాలాసేపు ఊపిరి తప్ప ఏమీ వినబడలేదు. అతనూ ఫోను పెట్టెయ్యలేదు.